శరీరము, నోరు మినహా

జూన్ 3

ప్రియమైన చెల్లెలు చిట్టికి,

మీ అన్నయ్య, అనగా ప్రధాన కార్యాలయం ఆరోగ్య సదుపాయాల విభాగంలో నియమాల శాఖ పర్యవేక్షకుడు, వ్రాయునది.

ముందుగా ఉత్తరాల గురించి కొంత చెప్పాలి. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు ఒకే సంస్థలో, వేర్వేరు ఊళ్లలో పనిచేస్తున్నప్పుడు, వారి మధ్య నడిచే ఉత్తరాలు రెండు రకాలు. మొదటి రకంలో యోగక్షేమాలు ఉంటాయి. దానికి నంబరు అక్కర్లేదు. రెండో రకంలో విన్నపం ఉంటుంది. దానికి నంబరు, తేదీ, మూడు ప్రతులు, ఎడమవైపు నాలుగు వేళ్ల ఖాళీ తప్పనిసరి. మే 21న నువ్వు పంపిన కాగితంలో మొదటి పేరాలో మీ వదిన మోకాలి గురించి అడిగావు. రెండో పేరాలో చిగుళ్ల చికిత్సకు అనుమతి కోరావు. మూడో పేరాలో నన్ను మొద్దు అన్నావు. ఇటువంటి మిశ్రమ పత్రాన్ని ఏ దొంతరలో పెట్టాలో తెలియక మా గుమాస్తా రెండు రోజులు చేత్తో పట్టుకుని తిరిగాడు. చివరకు మొదటి పేరాను నేను ఇంటికి తీసుకెళ్లాను, రెండో పేరాను ఫైలులో చేర్చాను, మూడో పేరాను చూడనట్టు నమోదు చేశాను.

నీ విన్నపం సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది. నువ్వు మన ముద్రణాలయంలో బైండింగు విభాగంలో పందొమ్మిదేళ్లుగా పుస్తకాలు కుడుతున్నావు. ఏడాదిగా వేళ్ల కీళ్లు వాస్తున్నాయి. మన ఆసుపత్రి కీళ్ల డాక్టరు మందులిస్తూనే, చిగుళ్లకు కూడా వెంటనే చికిత్స చేయించుకోమన్నాడు. పళ్ల డాక్టరు గది ఆయన పక్క గదే. అయితే ప్రధాన కార్యాలయం అనుమతి లేనిదే ఆవిడ నిన్ను ముట్టుకోదు. ప్రధాన కార్యాలయం అంటే ఈ విషయంలో నేను. ఆగస్టు 20న వైద్య మండలి నీ చేతుల్ని పరీక్షిస్తుంది. సూది పట్టలేవని తేలితే నిన్ను కుట్టు చట్రం దగ్గర్నుంచి లేపి, గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల పుస్తకం ముందు కూర్చోబెడతారు.

ఇక నియమం. పద్నాలుగో నియమం యథాతథంగా: "శరీరము అనగా ఉద్యోగి యొక్క తల మొదలు పాదముల వరకు గల సమస్త అవయవములు, నోరు మినహా." పదహారేళ్ల కిందట దీన్ని వ్రాసింది నేనే. అప్పట్లో ఒక అధికారి సంస్థ ఖర్చుతో రెండు బంగారు పళ్లు కట్టించుకుని ఊరంతా నవ్వుతూ తిరిగాడు. ఆ నవ్వు మీద విచారణ జరిగి, నోరు అలంకార వస్తువుల పట్టికలోకి వెళ్లింది. కళ్లజోడు ఫ్రేములు, జుట్టు రంగు, నోరు: ఇదీ వరుస.

అందుచేత ముక్కు వరకు నువ్వు మా బాధ్యతే. గడ్డం దగ్గర మళ్లీ మా బాధ్యతలోకి వస్తావు. మధ్యలో ఉన్న ఆ రెండంగుళాలు నీ సొంతం.

మీ వదిన మోకాలు పర్వాలేదు. నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో (నంబరు లేనివి),
మీ అన్నయ్య


జూన్ 14

ప్రియమైన రూళ్లకర్ర అన్నయ్యకు,

ఇది మొదటి రకమో రెండో రకమో నువ్వే తేల్చుకో. ఎడమవైపు నాలుగు వేళ్ల ఖాళీ వదలమన్నావు. ఏ వేళ్లు? నీవా, నావా? నావైతే ఆ ఖాళీ పోను రాయడానికి కాగితం మిగలదు, అంత ఉబ్బాయి.

ఫోనులో చెబుతానంటే రాతపూర్వకంగా పంపమన్నావు కాబట్టి, పొద్దున్నే నా ఇంట్లో జరిగేది రాతపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను. లేచాక గంటన్నర సేపు ఈ చేతులు నావి కావు. పేస్టు మూతను రెండు మోచేతుల మధ్య పెట్టి తిప్పుతాను. బ్రష్షు సన్నగా ఉండి పట్టు దొరకడం లేదని దాని పిడికి బైండింగు గుడ్డ ఐదు చుట్లు చుట్టాను. అలా తోముకుంటే ఉమ్మితో పాటు నెత్తురు. చేతులు బాగాలేక పళ్లు సరిగా తోమలేను; చిగుళ్లు బాగుపడందే చేతుల సంగతి తేలదంటాడు కీళ్ల డాక్టరు. ఈ గుండ్రటి దారిలో నన్ను తిప్పుతున్నది నువ్వు.

నీ ఫైలుకు పనికొస్తుందేమో, ఆయన గదిలో జరిగిన మాటలు కూడా రాస్తున్నాను.

"తోముకుంటే రోజూ నెత్తురొస్తుందా అమ్మా?"

"వస్తుందండీ. అందరికీ వచ్చేదేగా."

"చెయ్యి కడుక్కున్నప్పుడల్లా వేళ్లలోంచి నెత్తురొస్తే అందరికీ వచ్చేదేగా అని ఊరుకుంటారా?"

మందుల చీటీ వెనక ఒక పన్ను బొమ్మ గీశాడు. పంటికీ చిగురుకీ మధ్య సన్నని సందు గీశాడు. అందులో క్రిములు కాపురం పెట్టి ఏళ్లయిందట. వాటిని తరమడానికి ఒళ్లు రాత్రీ పగలూ మంట పుట్టిస్తూనే ఉంటుందట. ఆ క్రిముల్లో ఒక రకం మన ఒంటి పదార్థాన్నే కాస్త మార్చేస్తుందట. మారిన దాన్ని ఒళ్లు పరాయిదనుకుని దాని మీదకు యుద్ధానికి వెళ్తుందట. నాలాంటి తత్వం ఉన్నవాళ్లలో ఆ యుద్ధం కీళ్ల దాకా రావచ్చట.

"మీ వేళ్లకు ఇదొక్కటే కారణమని నేను చెప్పనమ్మా. చిగుళ్లు బాగుచేస్తే వేళ్లు బాగుపడి తీరతాయనీ చెప్పను. కానీ అక్కడ మంట అలా పెట్టుకుని ఇక్కడ చల్లారమంటే ఎలా? షుగరు వాళ్లలోనూ ఇదే గొడవ చూస్తున్నాం. గుండె జబ్బు వాళ్లలోనూ అంతే."

పక్క గదికి వెళ్లాను. పళ్ల డాక్టరమ్మ సన్నటి కొలత పుల్ల చిగురు సందులోకి దించి, నర్సుకు అంకెలు చెప్పింది. ఆరు, ఏడు, ఆరు, ఐదు. మూడు మిల్లీమీటర్లు దాటితే రోగమే అంది. "ఈ సందులన్నీ విప్పి పరిస్తే మీ అరచేతిలో సగం ఉంటుందమ్మా పుండు."

"అయితే ఎప్పుడు చేస్తారు?"

"నాలుగుసార్లు కూర్చుంటే అయిపోతుంది. కానీ ఆ కాగితం రాకుండా ఈ కుర్చీ వెనక్కి వాల్చినా నాకు మెమో ఇస్తారు. కొలవడానికైతే కుర్చీ నిటారుగా ఉండొచ్చని నియమం."

ఆ నియమం కూడా నువ్వే రాశావా అన్నయ్యా? చెయ్యి తిరిగిన పనితనం కనిపిస్తోంది.

అరచేతిలో సగం పుండు నా మోకాలి మీద ఉంటే నువ్వే అంబులెన్సు పంపేవాడివి. నోట్లో ఉంది కాబట్టి అలంకారం. బయట చేయించుకుందామంటే నాలుగు నెలల జీతం అడుగుతున్నారు. అంత అలంకారం నాకు ఇంతవరకు ఎవరూ చేయించలేదు.

నాకు కావలసింది ఒక్క సంతకం. పందొమ్మిదేళ్లుగా నేను కూర్చున్న చట్రం నాది. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాయను.

రెండంగుళాలు తక్కువైన,
నీ చెల్లెలు


జూలై 1

ప్రియమైన చిట్టికి,

ఆలస్యానికి కారణం సంస్థాగతమైనది. నీ ఫైలు కొన్నాళ్లు కనిపించలేదు. ఇప్పుడు ఎక్కడుందో తెలిసింది.

నీ విన్నపంలో ఇలా ఉంది: "చిగుళ్లలో క్రిములు చేరాయి. వేరు దాకా పోకముందే చికిత్స చేయించాలని కోరుతున్నాను." ఈ వాక్యం చదివిన పంపిణీ గుమాస్తా దాన్ని మీ ఊరి ప్రాంగణంలోని ఉద్యానవన శాఖకు పంపాడు. నేను పిలిపించి అడిగాను. "చిగుళ్లు అంటే మొక్కవే కదండీ, పైగా వేరు అని కూడా ఉంది" అన్నాడు. వాక్యాన్ని నేను నాలుగుసార్లు చదివాను. అందులో మనిషి ఉన్నట్టు ఆధారం ఏదీ లేదు. అతణ్ణి తప్పుపట్టలేకపోయాను.

ఇలాంటి గందరగోళం రాకూడదనే నేను ఇదివరకే "దంతమూల మాంసము" అనే మాటను ఆమోదించి ఉంచాను. అది ఎవరూ వాడరు. వాడితే ఎవరికీ అర్థం కాదు. అర్థం కాని మాట తప్పుడు శాఖకు వెళ్లదు, ఎక్కడికీ వెళ్లదు.

ఫైలును వెంటనే వెనక్కి తెప్పించడం కుదరదు. ఒక శాఖకు చేరిన ఫైలును ఆ శాఖ స్వయంగా తనిఖీ చేసి, నివేదిక వ్రాసి పంపితేనే తిరిగి తీసుకోవాలి. కాబట్టి ఉద్యానవన శాఖ నుంచి ఎవరైనా వస్తే సహకరించగలవు.

ఈ ఉత్తరాన్ని మీ వదిన నా భుజం మీదుగా చదివింది. "ఆ పిల్ల చేతులు కాలిపోతుంటే మీరు మాటలకు ఇస్త్రీ చేస్తున్నారా?" అంది. ఆమె అభిప్రాయాన్ని గమనంలోకి తీసుకున్నాను. ఆ తర్వాత ఆమె ఈ బల్ల మీద కాఫీ గ్లాసు పెట్టిన తీరును కూడా గమనంలోకి తీసుకున్నాను. కింద కనిపిస్తున్న మరకకు నేను బాధ్యుణ్ణి కాను.

నీ మేలు కోరే, ఫైలు తిరిగి రావాలని కూడా కోరే,
మీ అన్నయ్య


జూలై 16

ప్రియమైన దంతమూల మాంసపు అన్నయ్యకు,

వచ్చాడు. తోట మేస్త్రి వచ్చాడు. వీపున మందు కొట్టే డబ్బా, చేతిలో గొట్టం, చెవి మీద పెన్సిలు. బైండింగు హాలులో పదకొండు చట్రాలూ ఆగిపోయాయి.

"ఇక్కడ చిగుళ్లకు తెగులని కాగితం వచ్చింది. మొక్క ఏదమ్మా?"

"నేనే."

నన్ను కింద నుంచి పైకి చూశాడు. నా కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "కుండీ లేదేమిటి?" అన్నాడు. పక్క చట్రం అక్క జిగురు గిన్నె మీద పడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నోరు తెరిచి చూపించాను.

అతను డబ్బా దించి నేల మీద పెట్టాడు. కిటికీ దగ్గరికి రమ్మని, వెలుతురులో చూశాడు. చాలాసేపు చూశాడు. అన్నయ్యా, నీ నియమాలు, నీ శాఖ, నీ మూడు ప్రతులు అన్నీ కలిసి రెండు నెలల్లో చెయ్యని పని అతను ఒక్క నిమిషంలో చేశాడు. చూశాడు.

"ఇది మా శాఖ కాదమ్మా."

"తెలుసు. కానీ తనిఖీకి వచ్చిన అధికారి మీరొక్కరే. చూసింది రాయండి."

"రాస్తే నన్నేమన్నా అంటారేమో."

"అంటే, మొక్కే రాయమందని చెప్పండి."

గోడకు ఆనించి రాశాడు. నకలు నా దగ్గర ఉంది. "మొక్క: మనిషి. వయసు: నలభై ఏడు. తెగులు: ఉన్నది, పాతది. మొదలులో తెగులు ఉంచి కొమ్మలకు మందు కొట్టడం దండగ. ముందు మొదలు శుభ్రం చేయాలి. ఆలస్యం పనికిరాదు. మా దగ్గర అంత చిన్న పనిముట్లు లేవు." కింద సంతకం. పోతూ పోతూ, "మా ఆవిడకు షుగరమ్మా. ఆవిడ చిగుళ్లూ ఇలాగే ఉంటాయి. వయసు మీద పడితే అంతేలే అనుకుంటున్నాం ఇన్నాళ్లూ" అన్నాడు. డబ్బా తగిలించుకోవడం మర్చిపోయి సగం దూరం వెళ్లి మళ్లీ వచ్చాడు.

ఇది నవ్వుకోవడానికి రాయలేదు. గురువారం నా చేతిలోంచి కాగితం నొక్కే మడత పుల్ల మూడుసార్లు జారింది. సూపర్‌వైజరు చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. నా సూదికి దారం ఇప్పుడు పక్క చట్రం అక్క ఎక్కిస్తోంది. ఎదురుగా కూర్చున్నవాడికి కనిపించకుండా, తన సూదితో పాటు నాదీ. కుడి చూపుడు వేలు పక్కకు వంగడం మొదలుపెట్టింది. మండలి ముందు కూర్చోవడానికి ఇంకా ముప్పై అయిదు రోజులు. నీకు వేళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి లెక్కపెట్టుకో.

సంతకం పెట్టు.

కుండీ లేని,
నీ చెల్లెలు


జూలై 22

ప్రియమైన చెల్లెలికి,

తోట మేస్త్రి నివేదిక అందినది. అతను తన పరిధి దాటి అభిప్రాయం వ్యక్తం చేసినందున సంజాయిషీ కోరడమైనది.

నీ విషయం మళ్లీ క్షుణ్ణంగా పరిశీలించాను. పద్నాలుగో నియమం నుంచి నిన్ను మినహాయించడానికి ఒకే దారి ఉంది. ఇంతకుముందు ఏ ఉద్యోగికైనా చిగుళ్ల చికిత్సకు అనుమతి ఇచ్చి ఉంటే, ఆ పూర్వ నిర్ణయాన్ని చూపి నీకూ ఇవ్వవచ్చు. రికార్డులు వెతికించాను. సంస్థ చరిత్రలో అటువంటి అనుమతి ఒక్కటీ లేదు.

చెల్లెలివి కాబట్టే మరింత జాగ్రత్తగా ఉండవలసి వస్తోంది. రేపు నలుగురూ నన్ను వేలెత్తి చూపిస్తారు. ఇది నువ్వు అర్థం చేసుకోవాలి.

గేటు దగ్గర పని కూడా గౌరవమైనదే. అక్కడ ఫ్యాను ఉంది.

ఇట్లు,
పర్యవేక్షకుడు మరియు అన్నయ్య


ఆగస్టు 4

ప్రియమైన అన్నయ్యకు,

ప్రియమైన అని వాడుక కొద్దీ రాశాను. అర్థం వెతక్కు.

మూడేళ్లు నిండిన ఫైళ్లను బైండు చేసి భద్రపరచాలి. ఇది నీ నియమమే. నంబరు నీకు తెలుసు. ఆ ఫైళ్లను బైండు చేసేది ఎవరో మాత్రం నువ్వు మర్చిపోయావు. జూలై 24న ప్రధాన కార్యాలయం నుంచి పద్దెనిమిది కట్టలు వచ్చాయి. అందులో "గుండె" అని రాసిన కట్ట నా చట్రానికి వచ్చింది. పేజీలు వరుసలో ఉన్నాయో లేదో చూడడం నా పని కాబట్టి చూశాను. నూట నలభయ్యో పేజీలో నీ చేతిరాత కనిపించింది. నిలువు గీతలు రూళ్లకర్ర పెట్టి గీసినట్టు ఉంటాయి. ఇంకెవరివీ అలా ఉండవు.

నీది నీకే వినిపిస్తాను. "చిగుళ్ల వాపును నోటికి పరిమితమైన చిన్న ఇబ్బందిగా చూడడం అశాస్త్రీయం. చిగుళ్ల సందులలోని క్రిములు నెత్తుటి ద్వారా శరీరమంతటికీ చేరగలవు. దీర్ఘకాలం నిలిచిన ఆ వాపు గుండెకు, చక్కెర వ్యాధికి, కీళ్లకు కూడా తోడుగా కనబడుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. కావున డైరెక్టరు గారి చిగుళ్లను గుండెలో భాగముగా పరిగణించి, చికిత్సకు అనుమతించడమైనది." విన్నపం తేదీ, అనుమతి తేదీ ఒకటే. ఒకే పూట.

కీళ్లకు. ఆ మాట నువ్వే రాశావు. కీళ్ల డాక్టరు నాకు బొమ్మ గీసి చెప్పడానికి మూడేళ్ల ముందే నీకు తెలుసు. మన అమ్మ పోయినప్పుడు వార్త రాయడానికి నీకు మూడు చిత్తుప్రతులు పట్టాయి. ఆయన చిగుళ్ల గురించి ఒక్క కొట్టివేత లేకుండా రాశావు. ఎంత ధారగా వచ్చింది!

రికార్డులు వెతికించానన్నావు. ఒక్కటీ లేదన్నావు. ఆయన చిగుళ్లు గుండె అయినప్పుడు, నా చిగుళ్లు తోటలోకి ఎందుకు వెళ్లాయి? ఆ మేస్త్రి నోరు తెరిచి నిజం చెబితే అతన్ని సంజాయిషీ అడిగావు. అబద్ధం చెప్పిన నిన్ను నువ్వు ఏం అడిగావు? ఫ్యాను ఉందని రాశావు అన్నయ్యా. ఫ్యాను! ఆ ఒక్క వాక్యానికి నిన్ను నేను ఎప్పటికీ క్షమించను. మిగతా వాటికి ఎన్నేళ్లు పడుతుందో చూద్దాం.

ఇక నేను చేసింది చెబుతాను, ఎవరో చెప్పగా వినే శ్రమ నీకు ఎందుకు. ఈ ఏటి నియమ సంపుటం కుట్టు పని నాకే వచ్చింది. నలభై శాఖలకు నలభై ప్రతులు. నీ నోటును అచ్చు విభాగంలో నలభై ప్రతులు వేయించి, అనుబంధాల్లో చేర్చి కుట్టాను. నలభై సంపుటాలు, ఈ చేతులతో, తొమ్మిది రోజులు. అక్క దారం ఎక్కించింది. వేళ్లకు పట్టు చాలక ముడులు పళ్లతో లాగి బిగించాను. మీ పట్టికలోని అలంకార వస్తువుతో.

బహుశా నేను కుట్టే ఆఖరి పుస్తకం ఇదే. కాబట్టి బాగా కుట్టాను. నిన్ననే అన్ని శాఖలకూ వెళ్లిపోయాయి.

చిగుళ్లు ఎవరి గుండెలోనూ భాగం కాని,
మీ ఇంటి ఆడపడుచు


ఆగస్టు 13

ప్రియమైన చిట్టికి,

ఈ ఉత్తరానికి నాలుగు చిత్తుప్రతులు పట్టాయి. ఇది నీకు చెప్పవలసిన మొదటి విషయం.

రెండోది: నేను రికార్డులు వెతికించలేదు. ఎక్కడుందో తెలిసినదాన్ని వెతికించనవసరం లేదు. ఆ నోటు వ్రాసిన రోజున డైరెక్టరు గారు నా భుజం తట్టి, "ఈ నోటు మీ నోటి వరకే ఉండాలి" అన్నారు. నాకది మెప్పులా వినిపించింది. మూడేళ్లపాటు అలాగే వినిపించింది. నీ విన్నపం బల్ల మీదకు వచ్చిన రోజు మాత్రం అది వేరేగా వినిపించింది. అయినా నువ్వు ఊరుకుంటావనుకున్నాను. ఊరుకోవడం మన ఇంట్లో నేను ఒక్కణ్ణే నేర్చుకున్నానని గుర్తుకు రాలేదు.

మూడోది చెప్పడం కష్టం. సంపుటం ఎనిమిదో తేదీన వచ్చింది. భోజన విరామంలో గది ఖాళీ అయ్యాక, బ్లేడు తీసుకుని నా నోటు ఉన్న ఆకును కుట్టు పక్కగా కోశాను. అవును, కోశాను. చెల్లెలి చేతిపని అని తెలిసే కోశాను. ఆకు వచ్చింది. దాంతో పాటు, పది ఆకుల తర్వాత ఎక్కడి నుంచో ఇంకో ఆకు జారి నా ఒళ్లో పడింది. తీసి చూస్తే, డైరెక్టరు గారి పదవీకాలాన్ని ఐదేళ్లు పొడిగించిన ఉత్తర్వు.

ఎలా జరిగిందో అర్థం చేసుకోవడానికి ఆ కట్టు విప్పి చూడవలసి వచ్చింది. ఒకే పెద్ద కాగితంలో ఒక సగం మీద నా నోటు, రెండో సగం మీద ఆయన ఉత్తర్వు అచ్చయ్యాయి. మధ్యకు మడిచి, మడత మీద కుట్టావు. ఒక సగాన్ని కోస్తే రెండో సగానికి పట్టు ఉండదు. ముప్పై ఏళ్లుగా పుస్తకాలు చదువుతున్నాను గానీ, ఆకులు జంటగా ఉంటాయని నాకు ఇప్పటిదాకా తెలియదు.

పదో తేదీన డైరెక్టరు గారు పిలిచారు. ఆయన బల్ల మీద సంపుటం తెరిచే ఉంది.

"ఇదేమిటయ్యా ఇది? ఈ ఆకు తీయించెయ్యండి."

"తీయించవచ్చునండీ. దాంతో పాటు తమరు కూడా ఊడి వస్తారు."

"అంటే?"

నేను కోసిన ప్రతి చూపించాను. ఆయన రెండు ఆకులనూ ఆ చేత్తో ఒకటి, ఈ చేత్తో ఒకటి పట్టుకుని చాలాసేపు చూశారు. నాలుకతో చిగుళ్లు తడుముకోవడం నాకు కనిపించింది.

"నలభైలోనూ ఇంతేనా?"

"ముప్పై తొమ్మిదింటిలోనండీ. ఒకటి నేనే పాడుచేశాను."

"ఎవరు కుట్టారు?"

"మా చెల్లెలండీ."

"కాస్త మెల్లిగా విప్పితే?"

"ఆవిడ కుట్టింది విప్పడం మన శాఖలో ఎవరికీ చేతకాదండీ."

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో పై అధికారితో నేను నిజం మాట్లాడిన సందర్భం ఇదొక్కటే. రుచి కొత్తగా ఉంది.

సంపుటంలో అచ్చయిన నిర్ణయం పూర్వ నిర్ణయమే కనుక, నీ అనుమతి పత్రం దీనికి జతపరిచాను. నంబరు ఒకటి. నీ వెనుక ఇప్పటికి ఇరవై మూడు విన్నపాలు వచ్చాయి. కీళ్లవి, షుగరువి, గుండెవి. వాటిలో తోట మేస్త్రి భార్యది కూడా ఉంది. ఆ మేస్త్రి నుంచి కోరిన సంజాయిషీని వెనక్కి తీసుకుని, నా సంజాయిషీని అతనికి పంపాను. చికిత్సలో ఉన్న ఉద్యోగిని అది పూర్తయి మూడు నెలలు గడిచేదాకా పరీక్షించకూడదు గనుక ఆగస్టు 20న నువ్వు మండలి ముందుకు వెళ్లనక్కర్లేదు. చట్రం నీదే. మూడు నెలల తర్వాత కూడా నీదే అవుతుందని హామీ ఇచ్చే అధికారం నాకు లేదు, ఎవరికీ లేదు.

కీళ్ల డాక్టరుకు ఫోను చేశాను. చిగుళ్లు బాగుపడి, మందులు పనిచేస్తే పొద్దుటి బిగుతు తగ్గవచ్చన్నాడు. వంగిన వేలు మాత్రం మళ్లీ తిన్నగా రాదన్నాడు. "మే నెలలోనే అనుమతి ఇచ్చి ఉంటే?" అని అడిగాను. "ఆ ప్రశ్న నన్ను అడక్కండి సార్" అని ఫోను పెట్టేశాడు. అప్పటి నుంచి ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది. పంపడానికి ఏ శాఖా లేదు.

క్షమించమని అడగను. ఫ్యాను గురించిన వాక్యాన్ని మీ వదిన కూడా చదివింది. మూడు రోజులుగా నాతో రాతపూర్వకంగానే మాట్లాడుతోంది.

ఒక్క సంగతి మిగిలింది. ఇరవై మూడు విన్నపాలు చూసి డైరెక్టరు గారు కంగారుపడి, దీనికి ఒక హద్దు ఉండాలన్నారు. హద్దు వ్రాయవలసింది నేను. పళ్ల డాక్టరమ్మ మీ ఊళ్లో ఏయే రోజుల్లో కూర్చుంటుందో కనుక్కుని, ఎవరి విన్నపమూ తిరస్కరించకుండా ఇంతకంటే చిన్న హద్దు వ్రాయలేకపోయాను. దీని మీద ఆయన సంతకమూ అయింది. నీ వంతు వచ్చే మంగళవారం, మొదటి వేళ. కుర్చీ వెనక్కి వాలుస్తారు.

ఒక ప్రతి తక్కువైన,
మీ అన్నయ్య

జతపరచినది: నియమం 14 (అ)

ఉద్యోగి నోరు ప్రతి మంగళ, శుక్రవారములలో ఉదయం తొమ్మిదిన్నర మొదలు పన్నెండున్నర వరకు శరీరములో భాగముగా పరిగణింపబడును. మిగిలిన వేళలలో నోటియందు కలుగు నొప్పి, వాపు, నెత్తురు మరియు మాటలతో సంస్థకు సంబంధము లేదు. మంగళవారము గాని శుక్రవారము గాని సెలవు దినమైనచో, ఆ వారమునకు ఉద్యోగికి సగము నోరు మాత్రమే ఉండును; ఏ సగమో ఉద్యోగి ముందుగా మూడు ప్రతులలో తెలియజేయవలెను. ఈ నియమమే అంతిమము.